పెరటి నాటుపెట్టలు ఎందుకు చనిపోతున్నాయి: శ్రీకాకుళం, విజయనగరం పెంపకందారులు తరచుగా అడిగే ప్రశ్నలు

పది ఇరవై పెట్టలను పెరట్లో వదిలి పెంచుకునే ఇళ్ల నుంచి ఏటా అవే సందేహాలు వస్తున్నాయి. సంక్రాంతి దాటగానే తెగులు గురించి, వేసవిలో ఎండ గురించి, దసరా తరువాత వానల గురించి అడుగుతారు. అందుకే వాటిని కోడి వయసును బట్టి ఒక వరుసలో పెట్టి జవాబులు రాశాము. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన చోటు నుంచే చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

నాటుకోళ్లకు రోగాలు రావంటారు కదా, మరి మావి ఎందుకు చనిపోతున్నాయి?

ఎండనూ ఆకలినీ దొరికిన తిండినీ నాటుకోడి ఓర్చుకున్నంతగా ఫారం కోడి ఓర్చుకోలేదన్న మాట నిజమే. అంతమాత్రాన దానికి రోగాలు రావనుకోవడం పొరపాటు. టీకా పడని నాటుకోళ్లలోకి కొక్కెర తెగులు, అంటే రాణికేట్ వ్యాధి ప్రవేశిస్తే, వీధిలో ఒక్క కోడి కూడా మిగలకపోవచ్చు. పెరటి కోళ్ల మరణాలకు కారణాలు అంతుపట్టనివేమీ కావు. పిల్లల వయసులో చలి, తడి, గద్ద, రక్తపు విరేచనాలు. ఎదిగిన తరువాత కొక్కెర తెగులు, రాత్రి వచ్చే జంతువులు, నులిపురుగులు, పొలం మందులు. ఏటా దాదాపు అదే కాలంలో అవే కారణాలు తిరిగి వస్తాయి కనుక ముందుగా సిద్ధపడడం సాధ్యమే. దిష్టి తగిలిందనుకుని గూటికి గుమ్మడికాయ కట్టేవారిని మేము కాదనము, కాని కట్టే ముందు టీకా వేయించమని కోరుతాము.

ఎన్ని చనిపోతే మామూలు, ఎన్ని చనిపోతే కంగారు పడాలి?

పోయినవాటిని మొత్తంగా ఒకే లెక్కలో వేస్తే ఏమీ తెలియదు, దశలవారీగా వేయాలి. లెక్క కోసం 40 పిల్లలతో మొదలుపెట్టారనుకుందాం. 8 వారాలకు 26 మిగిలితే ఆ దశలో నష్టం 35 శాతం. ఆ 26లో 22 గుడ్ల వయసుకు చేరితే నష్టం సుమారు 15 శాతం. ఆ 22లో ఏడాది గుడ్లు పెట్టాక 18 ఉంటే నష్టం సుమారు 18 శాతం. అంటే మొదటి 40లో 45 శాతమే నిలిచాయి. పోయిన 22లో 14 పిల్లల వయసులోనే పోయాయి. ఇలాంటి ఇంట్లో పెద్ద పెట్టలకు బలం మందులు కొనడం కన్నా పిల్లల గూడు బాగు చేయడం లాభం.

ఒక పాత నోటుపుస్తకంలో తేదీ, వయసు, పోయిన విధం అనే మూడు గళ్లు గీసుకుంటే చాలు. పోయిన విధంలో చచ్చినవి, జంతువు ఎత్తుకుపోయినవి, కనబడకుండా పోయినవి వేరువేరుగా రాయాలి. కంగారు పడవలసిన సందర్భం శాతంతో తెలియదు, వేగంతో తెలుస్తుంది. రెండు మూడు రోజుల వ్యవధిలో ఒకే రకం లక్షణాలతో రెండు కోళ్లు పడిపోతే అది అంటురోగమేనని భావించి ఆ పూటే కదలాలి.

వనరాజా, గ్రామప్రియ రకాలు తెచ్చుకుంటే చావులు తగ్గుతాయా?

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం పెరటి పెంపకానికే రూపొందించిన రకాలివి. అచ్చమైన నాటుపెట్ట ఏడాదికి 50 నుంచి 70 గుడ్లు పెడితే, పెరట్లో వనరాజా 100 నుంచి 110 వరకు, గ్రామప్రియ 160 నుంచి 180 వరకు పెట్టగలవు. గుడ్లు పెరుగుతాయి గాని ప్రాణభద్రత దానంతట అది పెరగదు. ఈ పిల్లలు తల్లి లేకుండా వస్తాయి కాబట్టి మొదటి ఐదారు వారాలు వెచ్చదనం, మేత, కాపలా అన్నీ మీరే చూడాలి. ఒళ్లు బరువెక్కిన వనరాజా కుక్కను చూసి గోడెక్కి తప్పించుకోవడంలో నాటుపెట్టకు సాటి రాదు. గ్రామప్రియ పొదుగుకు కూర్చోవడం అరుదు గనుక మళ్లీ పిల్లలు కావాలంటే నాటుపెట్ట కింద గుడ్లు వేయవలసిందే. రెండు మూడు నాటుపెట్టలను పొదుగు కోసం ఉంచుకుని, మిగతా స్థలంలో మెరుగైన రకాలను పెంచడం ఈ జిల్లాల చిన్న పెంపకందారులకు అనువైన పద్ధతి అని మా అభిప్రాయం.

డబ్బు కొంచెమే ఉంది. మేతకు పెట్టాలా, గూటికి పెట్టాలా, టీకాలకు పెట్టాలా?

మొదట గూటి తలుపుకు, తరువాత టీకాలకు, ఆ తరువాత మేతకు. పెరట్లో, కళ్లంలో, చెత్తకుప్ప మీద కోడి తన తిండిలో అధికభాగం తానే ఏరుకుంటుంది. తలుపు తానే మూసుకోలేదు, టీకా తానే వేసుకోలేదు.

## పొదుగు నుంచి 8 వారాల వరకు

తల్లికోడి 12 పిల్లల్ని లేపింది. నెల తిరిగేసరికి నాలుగే మిగిలాయి. మిగతావి ఏమయ్యాయి?

ఈ ప్రశ్న అడగని ఊరు లేదు. పిల్లలు గుడ్డు నుంచి వచ్చిన రెండో మూడో రోజునే తల్లి వెంట వదిలేయడం దీనికి మూలం. పొద్దున్నే మంచు తడిసిన గడ్డిలో తల్లి వెనుక నడిచిన పిల్లకు పొట్ట కింది నూగు తడిసి వణుకు పుడుతుంది. వెనకబడిన ఆ పిల్లను కాకి గాని గద్ద గాని తన్నుకుపోతుంది, లేదా అది కాలువ గట్టునే ముడుచుకుని చనిపోతుంది. సాయంత్రం గంప కింద కమ్మేటప్పుడు లెక్క తగ్గితే గద్ద పట్టిందని అనుకుంటాము. వాటిలో కొన్నిటిని చలి ముందే సగం చంపి ఉంటుంది.

మొదటి మూడు నాలుగు వారాలు తల్లినీ పిల్లలనూ కలిపి పెద్ద గంప కిందనో వల కట్టిన చిన్న దడిలోనో ఉంచి, నూకలు, ఉడికించి చల్లార్చిన చోళ్లు, దంచిన చెదపురుగులు, దొరికితే పిల్లల దాణా అక్కడే పెట్టాలి. ఎండ పొడి పొడిగా కాసిన తరువాత రెండు గంటలు బయట తిప్పి మళ్లీ లోపలికి తోలాలి. నీళ్ల పళ్లెంలో నాలుగు గులకరాళ్లు వేయాలి, లేకపోతే మొదటి వారం పిల్లలు అందులోనే మునిగి చనిపోతాయి. ఒక పెట్ట కింద 10 నుంచి 15 గుడ్లకు మించి వేయవద్దు. ఎక్కువ వేస్తే 21 రోజుల పొదుగులో అంచున ఉన్న గుడ్లకు వేడి చాలక పిల్లలు నీరసంగా పుడతాయి.

తల్లి లేని పిల్లలకు వెచ్చదనం ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్లు ఇవ్వాలి?

మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో సుమారు 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఆ తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ నాలుగైదు వారాలకు బయటి వేడికి తేవాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదానిపై ఒకటి ఎక్కి కిచకిచలాడితే చలి. అంచులకు పారిపోయి నోరు తెరిస్తే వేడి. అంతటా చల్లుకుని పడుకుంటే సరిపోయింది. గుంపుగా ఎక్కినప్పుడు అడుగున ఉన్నవి ఊపిరాడక చనిపోతాయి కాబట్టి, రాత్రి కరెంటు పోతే వేడినీళ్ల సీసాలను గోనెగుడ్డలో చుట్టి పెట్టడానికి సిద్ధంగా ఉండాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టవద్దు, దాని నుంచి వచ్చే విషవాయువు పిల్లలను నిద్రలోనే చంపుతుంది.

నెల వయసు పిల్లలు రెక్కలు జార్చి నిలబడుతున్నాయి, విరేచనంలో రక్తం పడుతోంది. ఏమిటిది?

ఇది చాలావరకు కాక్సిడియోసిస్, అంటే పేగుల్లో చేరే సూక్ష్మక్రిమి వల్ల వచ్చే రక్తపు విరేచనాల వ్యాధి. మూడు నుంచి ఎనిమిది వారాల వయసులో, ముఖ్యంగా వానాకాలంలో, తడిసిన నేల మీద పుంజుకుంటుంది. రోగి రెట్టలోని సూక్ష్మక్రిమి తడి, వెచ్చదనం ఉంటే ఒకటి రెండు రోజుల్లో అంటుకునే స్థితికి వస్తుంది. నేల పొడిగా ఉంటే రాలేదు. అందుకే ఆంప్రోలియం మందును పశువైద్యుడు చెప్పిన మోతాదులో నీటిలో కలిపి ఐదు నుంచి ఏడు రోజులు ఇస్తూనే, తడిసిన ఊకను పూర్తిగా తీసి పొడి ఊక వేయాలి. ఆ రోజుల్లో వేరే నీళ్లు అందనివ్వకూడదు. బ్లీచింగ్ చల్లితే ఈ క్రిమి చావదు. పెద్ద కోళ్లు దీన్ని తట్టుకుని రెట్టలో వదులుతూ ఉంటాయి కాబట్టి అవి తిరిగిన గూటిలో పిల్లలను పెట్టకూడదు.

రెండు మూడు రోజుల పిల్లలకు వెనుక తెల్లగా సున్నంలా అంటుకుని చనిపోతున్నాయి. మందు ఉందా?

తల్లి నుంచి గుడ్డు ద్వారా వచ్చే తెల్ల విరేచనాల వ్యాధి కావచ్చు. మందుతో బ్రతికిన పిల్ల కూడా పెద్దయ్యాక రోగాన్ని తన గుడ్లలో మోస్తుంది, కాబట్టి అలా బ్రతికినవాటి గుడ్లను తినడానికే వాడాలి, పొదుగుకు వేయకూడదు. చలి వల్ల కూడా వెనుక అంటుకుంటుంది గనుక ముందు వెచ్చదనం సరిచూడండి.

గద్దల నుంచి పిల్లలను ఎలా కాపాడాలి?

తీరప్రాంతంలో చేపల వేటకు పనికిరాని పాత వలలు దొరుకుతాయి. దడి మీద ఆ వల పరచడం కన్నా చౌక అయిన, గట్టి అయిన ఉపాయం లేదు. వల లేనిచోట పిల్లలు దూరడానికి పొద అవసరం. ఊడ్చి పేడ అలికిన బోడి వాకిలి గద్దకు అనుకూలం. జీడి, మామిడి చెట్ల నీడ, కంది వరుసలు, మునగ కింద పేర్చిన కంప పిల్లకు అనుకూలం.

## ఎదిగే వయసు, టీకాలు

ఏ టీకాలు తప్పనిసరి? ఎప్పుడు వేయించాలి?

పెరటి కోళ్లకు రెండు టీకాలు ఏ పరిస్థితిలోనూ మానకూడదు. కొక్కెర తెగులుకు 5 నుంచి 7 రోజుల వయసులో ఎఫ్1 గాని లసోటా గాని కంటిలో లేదా ముక్కులో ఒక చుక్క, నాలుగో వారంలో మళ్లీ లసోటా, 8 నుంచి 10 వారాల మధ్య ఆర్2బి అర మిల్లీలీటరు రెక్క దగ్గర చర్మం కింద వేయాలి. మశూచికి ఆరేడు వారాల వయసులో వేయాలి. ఆర్2బికీ దీనికీ మధ్య కనీసం వారం పది రోజులు ఎడం ఉంచాలి. హేచరీ నుంచి తెచ్చిన పిల్లలైతే కాళ్లు చచ్చుబడే మారెక్స్ వ్యాధి టీకా మొదటి రోజే వేశారో లేదో అడగాలి, రెండో వారం తరువాత రోగనిరోధకతను దెబ్బతీసే గంబోరో వ్యాధి టీకా కూడా వేయించాలి.

ఆర్2బి బలమైన టీకా. ఎనిమిది వారాల లోపు పిల్లలకు, నీరసించిన కోళ్లకు వేస్తే అదే ప్రాణం తీయవచ్చు. గుడ్లు పెడుతున్న పెట్టకు వేస్తే గుడ్లు తగ్గుతాయి. కాబట్టి గుడ్లు మొదలుకాక ముందే అది ముగించి, గుడ్ల కాలంలో మూడు నాలుగు నెలలకొకసారి లసోటా చుక్కలతో నెట్టుకురావడం మేలు.

టీకా వేయించాం, అయినా తెగులు తగిలింది. టీకాలో ఏమైనా లోపమా?

లోపం ఎక్కువగా దారిలో జరుగుతుంది. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. చొక్కా జేబులో పెట్టుకుని మధ్యాహ్నం బస్సులో చీపురుపల్లి నుంచి ఊరికి తెచ్చిన సీసాలో ప్రాణమున్న వైరస్ మిగలదు, అప్పుడు కోళ్లకు వేసింది ఉత్త నీరే. కలిపిన తరువాత రెండు గంటల్లోపు వాడేయాలి. నీళ్లలో ఇస్తే బ్లీచింగ్ కలిసిన కుళాయి నీరు పనికిరాదు. బావి నీటిలో లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, ఆపైన టీకా కలపాలి. ఒంట్లో అప్పటికే తెగులు చేరిన కోడికి వేసినా ఫలితం ఉండదు, ఎందుకంటే లక్షణాలు బయటపడటానికి సాధారణంగా ఐదారు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. నులిపురుగులతో చిక్కిపోయిన కోడిలో రోగనిరోధకత సరిగా కట్టదు. అందుకే టీకాకు వారం ముందు పురుగుల మందు పట్టించాలి.

టీకా సీసా 100 డోసులది, మాకు తొమ్మిది కోళ్లే ఉన్నాయి. ఎలా?

ఒక్క ఇంటికి వేయించడం వల్ల ఎలాగూ ప్రయోజనం తక్కువ, వీధి మొత్తానికీ ఒకేరోజు వేయించాలి. స్వయం సహాయక సంఘం సమావేశంలో తేదీ అనుకుని, ఊరిలోని రైతు సేవా కేంద్రం పశుసంవర్ధక సహాయకునికి ముందుగా కోళ్ల సంఖ్య చెబితే ఐస్ పెట్టెలో సీసా వస్తుంది. ఆ ఉదయం కోళ్లను గంపల కింద నుంచి తీయకుండా ఉంచడమే మీరు చేయవలసిన పని. వదిలేసిన తరువాత వాటి వెంట పరుగెత్తేసరికి రెండు గంటలు గడిచిపోతాయి. పండగకు కోళ్లు కొనడం, చుట్టాలకు ఇవ్వడం మొదలుకాక ముందే, మార్గశిరంలో ఒక విడత వేయించడం ఈ ప్రాంతానికి సరిపోతుంది.

కళ్ల చుట్టూ, తురాయి మీద పొక్కులు వచ్చాయి. అమ్మవారు పోసిందంటున్నారు.

ఇది కోళ్ల మశూచి, దోమల ద్వారానూ గాయాల ద్వారానూ వ్యాపిస్తుంది. చర్మం మీదే ఉంటే చాలా కోళ్లు రెండు మూడు వారాల్లో కోలుకుంటాయి. కళ్లు మూసుకుపోయి మేత కనబడక, ఆకలితో చనిపోయేవి ఎక్కువ. కాబట్టి గోరువెచ్చని ఉప్పునీటితో కళ్లు తుడిచి, పసుపు గాని బోరిక్ పొడి గాని అద్ది, నోటికి గంజి అందించాలి. నోటి లోపల పసుపుపచ్చని పొర కడితే ఊపిరాడక చనిపోయే ప్రమాదం ఉంది. పొక్కులను గిల్లవద్దు, రాలిన పెచ్చులలో వైరస్ నెలల తరబడి నిలుస్తుంది.

సంతలో కొన్న పెట్టను ఇంట్లో వాటితో కలపవచ్చా?

మూడు వారాలు కలపకూడదు. వేరే గంప, వేరే నీళ్ల మూకుడు, చివరగా దాని దగ్గరకు వెళ్లి కాళ్లు కడుక్కోవడం అనే మూడు నియమాలు చాలు. ఏదైనా ఊరిలో తెగులు మొదలైతే బ్రతికున్నవాటిని సంతకు తోలేయడం మన దగ్గర అలవాటు గనుక, ఒక్కసారిగా ధర పడిపోయిన వారం సంతలో కోళ్లు కొనకపోవడమే మంచిది.

## గుడ్లు పెట్టే పెట్టలు

నిన్న సాయంత్రం వరకు బాగానే తిరిగింది, తెల్లవారేసరికి గూటిలో చచ్చి ఉంది. కారణం ఎలా తెలుసుకోవాలి?

పాతిపెట్టే ముందు పది నిమిషాలు కేటాయించి చూడండి. ఒంటి మీద, ముఖ్యంగా మెడ వెనుక, గాట్లు ఉన్నాయా. తురాయి పాలిపోయిందా, నల్లబడిందా. మెడ కింది మేత సంచి నిండా ఉందా, ఖాళీగా ఉందా. వెనుక రక్తం గాని బయటికి వచ్చిన పేగు గాని ఉందా. రొమ్ము ఎముక కత్తిలా తగులుతోందా అని చూడాలి. మేత సంచి నిండుగా ఉండి ఒళ్లు కండగా ఉంటే విషం, పాముకాటు, వడదెబ్బ, లేదా పాస్చురెల్లా క్రిమి వల్ల వచ్చి చాలా వేగంగా చంపే కోళ్ల కలరా వంటి రోగం అనుకోవాలి. ఖాళీ సంచి, ఎండిన రొమ్ము ఉంటే రోగం చాలా రోజులుగా ఉన్నదని, మనం గమనించలేదని అర్థం. పాలిపోయిన తురాయి రక్తం తాగే పురుగులకు గుర్తు. ఒక్కటే పోతే ఇంతటితో ఆగవచ్చు. మరునాడు ఇంకొకటి పోతే దాన్ని పాలిథిన్ సంచిలో కట్టి ఐసు మీద పెట్టి పశువైద్యశాలకు పట్టుకెళ్లాలి. గడ్డకట్టించకూడదు, గడ్డకడితే పరీక్షకు పనికిరాదు.

కొక్కెర తెగులు అని ఎలా గుర్తుపట్టాలి? వచ్చాక మందేమిటి?

ఆకుపచ్చని లేదా తెలుపు కలిసిన ఆకుపచ్చని నీళ్ల విరేచనం, నోరు తెరిచి మెడ చాచి గురగురమని ఊపిరి తీయడం, రెండు మూడు రోజుల్లో మెడ మెలి తిరగడం, ఒక కాలో రెక్కో పడిపోవడం దీని గుర్తులు. గుడ్లు పెట్టే పెట్టలలో అన్నిటికన్నా ముందు గుడ్లు ఆగిపోవడమో తోలుగుడ్లు పడటమో జరుగుతుంది. కోసి చూస్తే కందనకాయకు పైనున్న సన్నని జీర్ణాశయం లోపలి గోడ మీద రక్తపు చుక్కలు కనిపిస్తాయి. దీనికి మందు లేదు. మెడికల్ షాపులో ఇచ్చే యాంటిబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. దాని కోసం పెట్టిన డబ్బు కూడా తెగులు ఖాతాలోనే రాసుకోవాలి. చేయదగిన పని ఒక్కటే: జబ్బుపడినవాటిని విడదీసి, ఆరోగ్యంగా ఉన్నవాటికి, ఇరుగుపొరుగు కోళ్లకు వైద్యుని సలహాతో వెంటనే లసోటా వేయించి, ఊరి నుంచి ఒక్క కోడి కూడా బయటికి వెళ్లకుండా చూడటం.

పెట్ట నిటారుగా నిలబడి ముక్కుతోంది, గుడ్డు రావడం లేదు. చనిపోతుందా?

గుడ్డు అడ్డుపడిన పెట్ట ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. నడుము వరకు గోరువెచ్చని నీటిలో అరగంట ఉంచి, మలద్వారంలో కొబ్బరినూనె రాసి, చీకటిగా ఉన్న చోట వెచ్చగా వదలాలి. లోపల గుడ్డును నొక్కి పగలగొట్టకూడదు, పెంకు ముక్కలు గర్భాన్ని చీల్చి చీము పట్టిస్తాయి. మొదటిసారి గుడ్లు పెట్టే చిన్న పెట్టలకూ, సున్నం చాలని పెట్టలకూ ఇది ఎక్కువగా వస్తుంది. బయటికి వచ్చిన గర్భాన్ని తక్కిన కోళ్లు పొడిచి చంపుతాయి కాబట్టి అలాంటి పెట్టను చూసిన వెంటనే వేరు చేయాలి.

తోలుగుడ్లు పెడుతున్న పెట్టకు ప్రాణాపాయం ఉందా?

ఒక్క గుడ్డు పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. తిండిలో అది లేకపోతే పెట్ట తన ఎముకల నుంచి తీసి పెంకు కడుతుంది, కొన్నాళ్లకు కాళ్లు నిలవక కూలబడుతుంది. నలగగొట్టిన ఆల్చిప్పలు, నత్తగుల్లలు ఒక మూకుడులో వేసి ఎప్పుడూ అందుబాటులో ఉంచితే తనకు కావలసినంత తానే తింటుంది. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి తీరాల్లో ఇవి దండిగా దొరుకుతాయి. ఉప్పు పోయేలా కడిగి ఎండబెట్టి వాడాలి. మేత బాగుండి, ఒకేసారి చాలా పెట్టలు తోలుగుడ్లు పెడితే మాత్రం కొక్కెర తెగులును అనుమానించాలి.

బాగానే తింటోంది, అయినా గాలికి పడిపోయేంత తేలికైపోయింది. ఎందుకు?

లోపల నులిపురుగులు గాని, గూటిలో గోమారులు గాని ఉంటాయి. తిరిగే కోళ్లు చీమలు, పేడపురుగులు, ఈగలు తింటాయి కనుక బద్దెపురుగులు వాటికి తప్పవు. రెండు మూడు నెలలకొకసారి వైద్యుడు చెప్పిన పురుగుల మందు పట్టించాలి. గోమారుల సంగతి ఎక్కువమందికి తెలియదు. పగలు కోడి ఒంటి మీద వెతికితే ఒక్కటీ కనిపించదు, ఎందుకంటే అవి వెదురు పగుళ్లలో, మట్టిగోడ బీటల్లో దాక్కుని రాత్రి మాత్రమే వచ్చి రక్తం తాగుతాయి. రాత్రి తొమ్మిది దాటాక టార్చి వేసి, కోడి కూర్చునే దండెం అడుగు భాగం, రెక్క కింది చర్మం చూడండి. బొద్దింక పిల్లంత చదునైన బూడిదరంగు పురుగులు కనిపిస్తాయి. ఇవి తిండి లేకుండా నెలల తరబడి బ్రతుకుతాయి కాబట్టి గూడు ఖాళీగా ఉంచినంత మాత్రాన పోవు. దండెం తీసి మంట మీద కాల్చి, బీటలన్నీ సున్నంతో పూడ్చి, కోళ్లు లేనప్పుడు వైద్యుని సలహాతో మందు కొట్టాలి. పొదుగు మీద ఉన్న పెట్ట 21 రోజులు కదలదు గనుక ఈ పురుగుల వల్ల గుడ్ల మీదే చనిపోవచ్చు.

రాత్రి ఏదో వచ్చి పెట్టలను చంపింది. ఏ జంతువో ఎలా తెలుస్తుంది?

ఒకే రాత్రి రెండు మూడింటిని మెడ కొరికి చంపి, తినకుండా వదిలేస్తే అది అడవి పిల్లి గాని మానుపిల్లి గాని కావచ్చు. తెల్లవారుజామునో పట్టపగలో అలాగే జరిగితే ముంగిస. వాకిలంతా ఈకలు చెల్లాచెదురై కోడి మాయమైతే కుక్కో నక్కో. గాయం లేకుండా చచ్చి, తల దగ్గర ఈకలు తడిగా అంటుకుని ఉంటే పాము మింగబోయి వదిలేసిందని భావించాలి. గుడ్లు, చిన్న పిల్లలు మాత్రమే పోయి గూటి మూలన బొరియ కనిపిస్తే పందికొక్కు.

అన్నిటికీ జవాబు ఒకటే గూడు. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తున, కోడికి ఒకటిన్నర చదరపు అడుగుల స్థలంతో, అర అంగుళం కన్నుల వెల్డెడ్ మెష్‌తో కట్టాలి. పెద్ద కన్నుల కంచె ముంగిసను ఆపలేదు. తలుపుకు తాడు కాదు, గొళ్లెం ఉండాలి. చింతచెట్టు మీద పడుకునే కోళ్లు కుక్కల నుంచి తప్పించుకుంటాయి గాని చెట్లెక్కే మానుపిల్లి నుంచి, తుఫాను గాలి నుంచి తప్పించుకోలేవు.

ఎండుచేపల పొట్టు, పొలంలో రాలిన గింజలు పెట్టవచ్చా?

ఉప్పు వేసి ఎండబెట్టిన చేపల పొట్టును తీరగ్రామాల్లో కోళ్లకు చల్లుతారు. మాంసకృత్తులు దండిగా ఉన్నా అందులోని ఉప్పు ప్రాణం తీస్తుంది. దాహంతో నీళ్ల చుట్టూ మూగి, నీళ్లలాంటి విరేచనాలై, తూలి పడి చనిపోతే ఉప్పు విషమే. రెండుసార్లు మంచినీటిలో నానబెట్టి పారబోసి, ఎండబెట్టి, మేతలో పదో వంతు మించకుండా కలపాలి.

మందు పట్టించిన వేరుశెనగ, మొక్కజొన్న విత్తనాలు, గుళికల మందు, ఎలుకల మందు కలిపిన నూకలు ఇంకా ప్రమాదం. ఒకే ఉదయం నోట చొంగ కారుతూ, కాళ్లు కొట్టుకుంటూ అనేక కోళ్లు పడిపోతే ముందుగా పొరుగు పొలంలో ఆ రోజు ఏమి చల్లారో అడగండి. విత్తే వారం, జీడితోటల్లో మందు కొట్టే వారం కోళ్లను కట్టడి చేయడం తప్ప వేరే మార్గం లేదు. వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశెనగ చెక్క కూడా కాలేయాన్ని దెబ్బతీసి నెమ్మదిగా చంపుతాయి. మనిషి తినలేని బూజు గింజను కోడికి పారేయడం పొదుపు కాదు.

## ఎండ, వాన, తుఫాను

వైశాఖంలో మధ్యాహ్నం పూట పెట్టలు రొప్పుతూ పడిపోతున్నాయి. ఏం చేయాలి?

కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడం ద్వారానే వేడి పోగొట్టుకుంటుంది. తీరంలో గాలి తేమగా ఉంటుంది కనుక రొప్పినా వేడి పోదు, అందుకే లోపలి మండలాల కన్నా తక్కువ ఎండకే ఇక్కడ వడదెబ్బ తగులుతుంది. గుడ్లు పెట్టే బరువైన పెట్టలు ముందు పడతాయి. మట్టి కుండల్లో నీళ్లు నీడలో మూడు నాలుగు చోట్ల పెట్టి మధ్యాహ్నం మార్చాలి, మేత తెల్లవారుజామున, పొద్దువాలాక మాత్రమే వేయాలి. రేకుల గూడైతే పైన తాటాకు పరచాలి. పడిపోయిన పెట్ట కాళ్లను, తురాయిని చల్లని నీటితో తడిపి గాలి తగిలే చోట పెట్టండి. మొత్తం నీటిలో ముంచవద్దు.

తుఫాను హెచ్చరిక వస్తే కోళ్లకు ఏ ఏర్పాట్లు చేయాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటాయి. ఈ జిల్లాలకు ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో ఈ ముప్పు ఉంటుందని గుర్తుంచుకుని ముందే సిద్ధం కావాలి. చెట్టు మీద పడుకునే కోళ్లను ఆ సాయంత్రం దించి పక్కా గోడల గదిలో కమ్మాలి. మూడు రోజులకు సరిపడా పొడి నూకలు, తౌడు డబ్బాలో, మంచినీళ్లు బిందెలో ఉంచాలి. తుఫాను తరువాతి రెండు మూడు వారాలే ఎక్కువ ప్రమాదకరం. నిలిచిన నీటిలో కుళ్లిన కళేబరాల పురుగులను తిన్న కోళ్లకు మెడ వేలాడిపోయే విషం ఎక్కుతుంది, తడి నేలలో పిల్లలకు రక్తపు విరేచనాలు వస్తాయి, దోమలు పెరిగి మశూచి వస్తుంది. నీరు లాగే వరకు కోళ్లను బయటికి వదలకుండా, చచ్చినవాటిని వెంటవెంటనే పాతిపెట్టాలి.

## చనిపోయిన తరువాత

జబ్బు చేసిన కోడిని కోసుకుని తినవచ్చా?

తినవద్దు. ఉడికితే క్రిమి చస్తుందన్నది నిజమే, కాని కోసేటప్పుడు చేతులకు, కత్తిపీటకు అంటినదాన్ని ఎవరూ ఉడకబెట్టరు. కాలువలో పారేసిన ఈకలు, పేగులు ఊరంతటికీ తెగులును పంచుతాయి. యాంటిబయాటిక్ వాడిన పెట్ట గుడ్లను కూడా వైద్యుడు చెప్పిన గడువు ముగిసే వరకు తినకూడదు, అమ్మకూడదు.

చచ్చిన కోళ్లను ఎక్కడ పాతిపెట్టాలి?

బావికి, చెరువుకు దూరంగా కనీసం మూడడుగుల గోతిలో పైనా కిందా సున్నం చల్లి పాతిపెట్టి, కుక్కలు తవ్వకుండా పైన కంప వేయాలి.

ఇది బర్డ్ ఫ్లూ అయి ఉంటుందా?

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో హెచ్5ఎన్1 నిర్ధారణ అయిన తరువాత ప్రతి చావుకూ ఈ భయం పుడుతోంది. ఒకటి రెండు కోళ్ల మరణం సాధారణంగా అది కాదు. ఒకటి రెండు రోజుల్లో చాలా కోళ్లు హఠాత్తుగా చనిపోయి, తురాయి నీలంగా, తల ఉబ్బి ఉంటే, లేదా చుట్టుపక్కల కాకులు, నీటిపక్షులు కూడా చచ్చి కనిపిస్తే, ముట్టుకోకుండా పశువైద్యాధికారికి తెలియజేయాలి. తేలినీలాపురం, తేలుకుంచి వంటి చోట్ల వలస పక్షులు వాలే చెరువుల నీటిని కోళ్లకు పెట్టకపోవడం మంచిది. ఆ పక్షులను తరిమితే రోగం పోదు, మరో చోటికి వెళుతుంది. 70 డిగ్రీలు దాటేలా బాగా ఉడికించిన మాంసం, గుడ్లతో భయం లేదు.

కోళ్లన్నీ పోయాయి. మళ్లీ ఎప్పుడు తెచ్చుకోవాలి?

పాత ఊకను కాల్చి, గూటిని సబ్బునీటితో కడిగి, సున్నం కొట్టి, పూర్తిగా ఎండలో వదిలి నాలుగు వారాలు ఖాళీగా ఉంచాలి. పొరుగిళ్లలో తెగులు తగ్గి మూడు వారాలు దాటిన తరువాతే కొత్త పిల్లలను తేవాలి.

పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేస్తే ఏమి చెప్పాలి?

మొత్తం ఎన్ని కోళ్లు, వాటి వయసు, ఏ రోజు ఎన్ని చనిపోయాయి, విరేచనం రంగు, చివరి టీకా తేదీ, ఈ నెలలో కొత్త కోడి ఇంటికి వచ్చిందా, దగ్గరి పొలంలో మందు కొట్టారా అన్న ఏడు సంగతులు కాగితం మీద రాసుకుని ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనం వచ్చేలోగా కొన ఊపిరితో ఉన్న ఒక కోడిని, ఆ రోజే చచ్చిన ఇంకొకదాన్ని నీడలో విడిగా ఉంచితే డాక్టరుగారు అక్కడే కోసి చూసి చెప్పగలరు.